పాదతీర్థ విలాపం

అనంతగిరి అడవిలో వాన వెలిసిన వేకువన, టేకాకుల కొసల నుండి జారిన చినుకు చినుకూ రాతి నెరియల్లోకి ఇంకి, ఇంకిన చోటే మళ్లీ ఊటై ఉబికి, ఊటలన్నీ ఒకదాని చేయి ఒకటి పట్టుకొని సీతాఫలపు పొదల కింద సన్నని సందడిగా సాగే చోట, తల్లీ, నిన్ను నేను తొలిసారి చూశాను. నా దోసిలి కన్నా వెడల్పు లేవు. నా చీలమండ మునిగేంత లోతు లేవు. అయినా ఎంతటి స్వచ్ఛశీతల సలిలానివి! అడుగున ఉన్న గులకరాయి మీది గీతలు సైతం లెక్కపెట్టగలిగాను. వంగి, వెంట తెచ్చుకొన్న రాగి చెంబు నింపి, మూతబిగించి, గుడ్డ చుట్టి సంచిలో పెట్టుకొన్నాను. నీ పొడవునా నీతో నడుస్తానని, నీవు ముగిసే చోట ఈ చెంబు వంచుతానని ఆ వేకువ చెవిలో మాటిచ్చాను.

అనంతపద్మనాభుని సన్నిధిలో చెప్పుకొనే స్థలపురాణం నీ జన్మవృత్తాంతం ఇలా పాడుతుంది. దేవతల కోసం పోరాడి అలసిన మాంధాతృ తనయుడు ముచుకుందుడు నిద్రను వరంగా కోరి కొండగుహలో కన్నుమూశాడు. యుగాలు ఆ గుహ ముంగిట నుండి యాత్రికుల్లా నడిచిపోయాయి. నిద్రాభంగం చేసిన కాలయవనుడు ఆ రాజర్షి కంటిమంటకు భస్మమైనాడు. భస్మం వెనుక నుండి నవ్వుతూ నిలిచిన నల్లనయ్య పాదాలను ముచుకుందుడు పరవశించి కడిగాడు. ఆ కడిగిన నీరే నీవు! పాదతీర్థమై పుట్టిన పావనివి, శ్యామసుందరుని అడుగులను తాకిన తడివి. ఆ కృష్ణుని పాదాల దగ్గర పుట్టి, కడకు కృష్ణవేణిలోనే కలవబోయే నీ ప్రయాణం ఎంత చక్కని వలయం! నీకింతటి పుట్టుక ఉండగా నేడు నిన్ను ముక్కు మూసుకొని దాటుతున్నారే, మూసీ అన్న నీ పేరును మురుగుకు మారుపేరుగా పలుకుతున్నారే.

ఎవరి దానవే తల్లీ, ముచుకుందా, ఎవరి దానవు?

నీవంటే రెండు గట్ల నడుమ పారే పాయ మాత్రమే అనుకొన్నవారికి నీవు ఎన్నటికీ అర్థం కావు. ఏ నేల నీ వైపు వాలితే ఆ వాలంతా నీ ఒడి. ఆ వాలులో ఏ గడ్డిపోచ మీద చినుకు పడినా అది నీ చనుబాలు. మోమిన్‌పేట మడుల్లో, శంకరపల్లి చెలకల్లో, చేవెళ్ల చెరువుల్లో నీవు చిన్నచిన్న నామాలతో చింతాకంత చింతాకంతగా దాగి ఉండేదానివి. పట్నానికి ఎగువన నీ పరీవాహకంలో 788 చెరువులుండేవని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కగట్టాడు, సుమారుగా చదరపు మైలుకొక్కటి. అవి చెరువులా? నీ మెడలో ముత్యాల పేరులు! పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు కడుపు నిండేది, కింది చెరువు నిండి పొంగితే దాని కింది కుంట కళకళలాడేది, కుంట నుండి వాగు, వాగు నుండి నీవు. అంచెలంచెలుగా, అలలలలుగా, అక్క నుండి చెల్లికి అందిన వాయనంలాగా నీరు నడిచేది.

ఆ వాయనాన్ని పంచినవాడు నీరటి. ఊరికొక నీరటి, భుజాన గొంగడి, చేతిలో పార, కంటి కొసల్లో కట్ట పొడవునా కాపలా. తూము ఎంత లేపితే ఏ మడి ఎన్నాళ్లకు తడుస్తుందో అతని అరచేతికి తెలుసు. ఎగువ మడి తడిసి కొసమడి ఎండితే పంట ఇంటికొచ్చే నాడు కళ్లంలో అతని వాటా గింజలు కూడా ఎండుతాయని తెలుసు. మబ్బు ముసురుకొన్న రాత్రి కట్ట మీద నిలబడి, పైచెరువు మత్తడి చప్పుడు విని, కింది ఊరి నీరటికి కేక వేసేవాడు. ఆ కేకే, తల్లీ, నీ పాలనా వ్యవస్థ. ఆ కాలమంతా ధర్మమే నడిచిందని నేననను. కొసమడి రైతు కన్నీరు అప్పుడూ ఉంది, కట్ట కింద కులం గీసిన గీత అప్పుడూ ఉంది, దొర తూముకు ఒక న్యాయం, కూలి తూముకు ఒక న్యాయం అప్పుడూ ఉంది. కానీ కొండ మీది చినుక్కీ కొసన ఉన్న గింజకీ మధ్య ఒక కేక దూరమే ఉండేది. పై ఊరూ కింది ఊరూ ఒకే తడికి వారసులమని ఒకరికొకరు ఎరుకపడేవారు. నేడు ఆ కేక లేదు. నీరటి మనుమడు పట్నంలో ఏ భవనం ముందో కుర్చీ వేసుకొని కావలి కాస్తున్నాడు. తాత కట్ట ఎక్కడుందో అతనికి తెలియదు. కట్ట ఉన్న చోట కాలనీ ఉంది.

1908 సెప్టెంబరు 28. ఆ తేదీ పలికితే పాతనగరపు రాళ్లకు ఇప్పటికీ జ్వరం కాస్తుంది. ఆకాశం అఖండధారై కురిసి, ఎగువన 221 చెరువులు ఒకదాని తరువాత ఒకటి తెగి, తెగిన చెరువు తెల్లటి గుర్రమై తరువాతి చెరువును తన్ని, అన్నీ నీలో పడి, నీవు మహోగ్రమహాకాళివై అఫ్జల్‌గంజ్ గడపలు దాటావు. వేలాది ప్రాణాలు నీ వెల్లువలో వడ్లపొట్టులా కొట్టుకుపోయాయి. ఒక్క చింతచెట్టు మాత్రం, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా నిలిచి ఉన్న ఆ చింతచెట్టు, తన కొమ్మలకు వేళ్లాడిన సుమారు 150 మందిని తల్లికోడిలా రెక్కల్లో దాచుకొంది. ఆ నాడు నిన్ను తిట్టినవారికి కూడా ఒక్క సంగతి తెలుసు: నీ కోపం నీ ఒక్కదానిది కాదు, కొండ నుండి కోట దాకా కట్టలన్నీ కలిసి తప్పిన తాళం. అందుకే పట్నానికి పిలిపించిన ఆ మహాశిల్పి విశ్వేశ్వరయ్య పట్నపు గట్ల దగ్గరే ఆగిపోలేదు. ఎగువకు, ఎగువకు, నీ పురిటింటి వైపుకు చూశాడు. నీ మీద 1920లో ఉస్మాన్‌సాగరం, నీ చెల్లెలు ఈసా మీద 1927లో హిమాయత్‌సాగరం వెలిశాయి. నీ కోపాన్ని నీటిగా దాచి, ఆ నీటినే దాహంగా పంచారు. ఉస్మాన్‌సాగరమే జనం నోట గండిపేటైంది, గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని సామెత పుట్టింది. నీ తీపికి ఒక మహానగరం కట్టుబడిన కాలం అది!

ఎవరి దానవే తల్లీ, ముచుకుందా, ఎవరి దానవు?

1996 మార్చి 8న ఒక కాగితం నీకు రక్షరేకు కట్టింది. జీవో 111. రెండు సాగరాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో, విషం కక్కే పరిశ్రమ రాకూడదని, పెద్ద హోటళ్లు, పెద్ద కాలనీలు మొలవకూడదని రాసింది. ఒక నూనె కర్మాగారం నీ వాకిట నిలిచి తలుపు తీయమంటే సర్వోన్నత న్యాయస్థానం 1999లో, మళ్లీ 2000లో నీ పక్షాన పలికింది. హాని జరుగుతుందని నది నిరూపించనక్కరలేదు, జరగదని వచ్చినవాడే నిరూపించాలంది. ఆ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్రలో నీ గలగల వినిపించింది. ఇంతకాలానికి నీకు నోరొచ్చిందనుకొన్నాను.

కానీ ఆ 84 ఊళ్ల రైతు గుండెలో ఒక ముల్లు మిగిలిపోయింది. గట్టు అవతలి ఎకరం బంగారమై బరువెక్కుతుంటే గట్టు ఇవతలి తన ఎకరం మట్టిగానే మిగిలిందని, పట్నం దాహానికి తాను పాతికేళ్లు కావలి కాస్తే ఆ కావలికి కూలి ఎవరిచ్చారని అడిగాడు. అడగడంలో తప్పేముంది తల్లీ? నీరటికి కళ్లంలో వాటా ఉండేది. ఈ కొత్త నీరటికి కళ్లమూ లేదు, వాటా లేదు, రెండు సాగరాల నీరు తాగిన గొంతుల నుండి ఒక్క కృతజ్ఞతావాక్యమూ లేదు. అతని చేత ఉచితంగా కాయించిన కంచె అతని కంటికే చెరసాలైంది. ఆ ముల్లును తీసే వేళ్లు ఎవరికీ లేకపోయాయి. ముల్లు తీయలేక కాలే తీసేశారు: 2022 ఏప్రిల్‌లో 69వ జీవో వచ్చి 111 ఆంక్షలను ఎత్తివేసింది. నగరం ఇక ఆ జలాశయాల మీద ఆధారపడి లేదన్నది అందులో చెప్పిన కారణం. పాలు మరిచిన బిడ్డ తల్లి గుండెకు కంచె ఎందుకన్నాడు! నాటి నుండి నీ వాలు మీద యంత్రాలు గునపపు గోళ్లతో గీరుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. రాతిగుట్ట రాలుతోంది, నీటిబాట పూడుతోంది, మెట్టచేను మేడల నీడలో మునుగుతోంది.

బాపూఘాట్ దగ్గర నీవూ ఈసా కలిసే చోట, మహాత్ముని చితాభస్మాన్ని 1948లో మీ సంగమం తన కడుపులో దాచుకొన్న చోట, నేనొక మధ్యాహ్నం నిలబడ్డాను. అక్కడి నుండి నీవు నగరంలో అడుగుపెడతావు. అక్కడి నుండే నీవు నీవు కాకుండా పోతావు. నీ నీటిని కొలిచేవారు ఒకరు, తాగునీరుగా తోడేవారు ఒకరు, మురుగును మోసేవారు ఒకరు, గట్టు మన్నుకు పట్టా రాసేవారు ఒకరు, గట్టున ఇంటికి అనుమతి ఇచ్చేవారు ఒకరు, నీ రంగును పరీక్షించేవారు ఒకరు, నీ అందానికి నక్ష గీసేవారు ఒకరు. నీటిపారుదల శాఖ, జలమండలి, రెవెన్యూ, నగరపాలక సంస్థ, మహానగరాభివృద్ధి సంస్థ, కాలుష్య నియంత్రణ మండలి, 2017లో నీ పేరనే పుట్టిన నదీతీరాభివృద్ధి సంస్థ. అందరి చేతుల్లోనూ నీ అంగమొక్కటి ఉంది. ఎవరి ఒడిలోనూ నీవు లేవు. సతీదేవి దేహం ఖండఖండమై పడితే పడిన చోటల్లా ఒక పీఠం వెలిసింది, ఒక దీపం వెలిగింది. నీ దేహం ఖండఖండమైతే పడిన చోటల్లా ఒక దస్త్రం వెలిసింది. ఒక్క దస్త్రంలోనైనా నీ శిరసు నుండి పాదం దాకా నిండుగా నీ రూపం రాసి లేదు. ఏ పరమేశ్వరుడు నిన్ను భుజాన వేసుకొని శోకతాండవం చేస్తాడు తల్లీ?

అంతటితో ఆగిందా? అక్కడెక్కడో మంజీర వాలులో, పటాన్‌చెరు పరిశ్రమల పొట్టలో పుట్టిన వ్యర్థజలాన్ని శుద్ధి చేశామని చెప్పి, 18 కిలోమీటర్ల గొట్టంలో అంబర్‌పేట దాకా నడిపించి నీ వాకిట్లో దించారు. పక్కింటి పాపాన్ని నీ పెరట్లో పాతిపెట్టారు. మంజీర నొప్పి తగ్గిందని అక్కడ సంతోషించి ఉంటారు. నీ నొప్పిని తూచిన త్రాసు ఏదీ?

ఇక నీలో నేడు పారుతున్నది ఎవరు? నీవేనా? వేసవిలో వెండితీగెలా సన్నబడి, ఇసుక కింద దాగి, తొలకరికి మేల్కొనే తత్త్వం కదా నీది! నేడు నడివేసవిలో నడుములోతు పారుతున్నావు. ఆ నీరు నీది కాదు. సింగూరు నుండి మంజీర వచ్చింది, ఎల్లంపల్లి నుండి గోదావరి వచ్చింది, నాగార్జునసాగరం వెనుక నుండి కృష్ణవేణి వంద కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల చీకట్లో కొండలెక్కి వచ్చింది. వచ్చి, ఇంటింటి కుళాయిలో ఒక్క క్షణం తళుక్కుమని, స్నానాల గదిలో, వంటగది తూములో, మరుగుదొడ్డిలో మలినమై, కాలిబాట కింది కటికచీకటి కాలువల్లోంచి నీ మీదకు వచ్చి వాలాయి. మూడు మహానదుల మూగరోదనం నీ కంఠంలో పారుతోంది, ముచుకుందా!

కృష్ణా జలాలను రాష్ట్రాల నడుమ పంచిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో ఒక చిన్న వాక్యం ఉంది. కృష్ణ పరీవాహకంలో తాగునీటికి తోడుకొన్న దానిలో నూటికి 20 పాళ్లే ఖర్చయినట్టు లెక్క రాయాలని. మిగిలిన 80 పాళ్లు మళ్లీ నదికి చేరతాయని ఆ లెక్క నమ్మకం. ఆ వాక్యం చదివి నేను ఎంతసేపు కూర్చుండిపోయానో! రాష్ట్రాల నడుమ ఆ 20కీ 80కీ వాదాలు నడిచాయి. ఎన్ని పాళ్లు తిరిగి వస్తాయన్నది రాశారు. ఏ ముఖంతో తిరిగి వస్తాయన్నది రాయలేదు. పుట్టింటి నుండి పట్టుచీరతో పంపిన పిల్ల తిరిగి వచ్చిందా అంటే వచ్చిందని రాశారు. ఒంటి మీద గాయాలను ఎవరు లెక్కపెట్టారు? తిరిగి వచ్చే ఆ 80 పాళ్ల దుఃఖానికి దారి నీవు, తల్లీ. ఆ గాయాలన్నీ మోసే పల్లకి నీవు.

ఎవరి దానవే తల్లీ, ముచుకుందా, ఎవరి దానవు?

నీ గట్టు మీద ఒక గోడ చూశాను. 2024 శరత్తులో. సున్నం పెచ్చులూడిన గోడ, పసుపు పూసిన గడప, గుమ్మానికి దసరా తోరణపు ఎండిన మామిడాకులు, గోడకానించి సైకిలు. ఆ గోడ మీద ఎర్రరంగుతో, చెయ్యెత్తు అక్షరాలతో, ఆర్‌బి-ఎక్స్ అని రాసి ఉంది. నదీగర్భంలో ఉన్న ఇల్లని గుర్తు. రంగు ఇంకా తడిగా ఉందేమో, ఎక్స్ కాలి నుండి ఒక చార గడప దాకా కారింది. గడప ముందు ఒక పిల్ల ఆ చారను తడిగుడ్డతో తుడుస్తోంది. ఎంత తుడిచినా పసుపులో ఎరుపు కలిసి కుంకుమలా వెడల్పవుతోందే కాని పోవడం లేదు.

నీ ఒడిని ఆక్రమించుకొన్నారని ఆ ఇంటిని నిందించడానికి నాకు నోరు రాదు. ఆ ఇంటికి కరెంటు మీటరు ఎవరిచ్చారు? నల్లా ఎవరిచ్చారు? ఇంటిపన్ను రశీదు మీద ముద్ర ఎవరు వేశారు? ఒక చేయి ఇచ్చిన దానిని ఇంకో చేయి ఆక్రమణ అంది. ఆ రెండు చేతుల నడుమ నలిగింది బండ్లగూడ కూలీలు, మూసానగరు ముసలమ్మలు, నలభై ఏళ్ల కాపురాల కన్నీళ్లు. అయినా, తల్లీ, నీకు ఊపిరాడేంత చోటు కావాలన్నదీ నిజమే. ఈ రెండు నిజాలను ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడించే పెద్దమనిషి ఒక్కడు లేకపోయాడన్నదే నా కడుపుకోత. ఇల్లు కోల్పోయేవాడు నీకు శత్రువు కాదు. నిన్ను కోల్పోయినవాడూ అతడే.

నీవు మాత్రం నీ హద్దు మరచిపోలేదు. 2025 సెప్టెంబరు చివర, ఎగువ సాగరాల తలుపులు తెరుచుకొన్న రాత్రి, నీవు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోకి నడిచి వచ్చావు. పండుగకు ఊళ్లకు పోదామని మూటలు పట్టుకొని నిలబడ్డవాళ్ల మోకాళ్లను తడిమావు. ఆ చోటి పాత పేరు ఇమ్లిబన్, చింతవనం. 117 ఏళ్ల కిందట నీవు ఏ చింతల కింద వచ్చి నిలబడ్డావో ఆ చింతల పేరు మిగిలిన చోటికే మళ్లీ వచ్చావు. కూతురు ఇల్లు అమ్మేసిన సంగతి తెలియక తల్లి వచ్చి తలుపు తట్టినట్టుంది.

ఎవరి దానవే తల్లీ, ముచుకుందా, ఎవరి దానవు?

నాగోలు దాటి, పీర్జాదిగూడ దాటి, ప్రతాపసింగారం దగ్గర నీ గట్లు పచ్చగడ్డితో నిండి ఉంటాయి. ఆ పచ్చదనం చూసి మోసపోయాను మొదటిసారి. గేదెలకు కోసుకుపోయే గడ్డి అది, నీ మురుగు తాగి మొలిచిన మెరుపు. ఇంకా దిగువకు నడిచాను. కత్వ తరువాత కత్వ, నీ నడుముకు అడ్డంగా పూర్వులు కట్టిన రాతి ఆనకట్టలు. వాటి మీద నుండి నీవు దూకే చోట నురుగు లేస్తుంది. నురుగంటే నవ్వే నురుగు కాదు. తెల్లటి కొండలై, కొండలు కదిలి, గాలికి ముక్కలై ఎగిరి, దారిన పోయే బండి మీద, పొలంలో వంగిన వీపుల మీద, వరి వెన్నుల మీద వచ్చి వాలే నురుగు. ఒకప్పుడు జెల్లలూ కొర్రమీనులూ ఎదురీదిన చోట వలలు చిరిగి గోడలకు వేళ్లాడుతున్నాయి. వల అల్లే వేళ్లు మేస్త్రీ పనికి పోయాయి.

పిల్లాయిపల్లి కాల్వ గట్టున ఒక అవ్వను కలిశాను. డెబ్బై ఏళ్లుంటాయి. నాటుకు దిగే ముందు గట్టు మీద కూర్చొని, చిన్న సీసాలోంచి కొబ్బరినూనె అరచేతిలో పోసుకొని, మోకాలు నుండి వేలి సందుల దాకా ఒక్క చోటు వదలకుండా, దేవుడికి గంధం పూసినంత ఓర్పుగా రాసుకొంటోంది. కాళ్ల మీద నల్లని మచ్చలు, గోకి గోకి గట్టిపడిన చర్మం. పక్కన కూర్చొని ఎందుకవ్వా అని అడిగాను.

"ఏం జేస్తం బిడ్డా, దిగకపోతే కడుపు నిండదు, దిగితే కాళ్లు ఊకోవు."

ఎవరికైనా చెప్పుకొన్నారా అని అడిగాను. చెప్పుకోకనేమి అన్నట్టు చూసింది.

"చెప్పినం. కాల్వ సార్లకు చెప్తే నీళ్ల సార్లకు చెప్పుమన్నరు. నీళ్ల సార్లకు చెప్తే పట్నం పొమ్మన్నరు. పట్నం పోతే గాడ ఎవల్ని అడగాల్నో సమజ్ గాలే. తిరిగొచ్చినం. నాట్ల పొద్దు ఆగదు గదా."

ఇంకో చుక్క నూనె పోసుకొంది. కాసేపటికి, నేను అడగకుండానే, కాల్వ వైపు చూడకుండానే చెప్పింది.

"మా చిన్నప్పుడు గీ ఇసుకల్నే చెలిమె తోడుకొని తాగినం. మా అమ్మ కొంగుతోని వడగట్టి నోట్ల పోసేది. తియ్యగుండె."

తియ్యగుండె! ఆ ఒక్క మాటలో అనంతగిరి ఊట మళ్లీ ఉబికింది. అవ్వ లేచి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, నారు కట్ట పట్టుకొని ఆ నల్లటి నీటిలోకి దిగింది. నీలోకే తల్లీ. నీవు నీ బిడ్డ కాళ్లు కొరుకుతున్నావు, తెలిసి కాదు, తాళలేక. నీ నీటితో పండిన వడ్లకు అంగడిలో మొహం చాటేసేవారున్నారు. మురుగు పంపినది పట్నమైనా ఆ మచ్చ పంట పండించినవాడి మీద పడింది. మూసీని బాగుచేయమని నల్లగొండ పల్లెలు పాదయాత్రలు చేశాయి. నీ వెంట, నీకు ఎదురుగా, పైకి పట్నం దాకా నడిచాయి. నీళ్లు ఒక్కసారైనా ఆ నడకకు తోడుగా వెనక్కి నడిచి, ఇదిగో నన్ను చూడండి అని ఆ మేడల ముందు నిలబడగలిగితే ఎంత బాగుండును!

వలిగొండ దాటావు. సోలిపేట దగ్గర 1963లో కట్టిన జలాశయంలో కాసేపు కళ్లు మూశావు. అక్కడికి నురుగు కరిగి, నలుపు కొంత తేరి, నీ ముఖంలో నీ పాత పోలిక ఒకటి నీడలా తోచింది. అది నా భ్రమేమో. తల్లి మంచం పక్కన కూర్చొన్నవాడికి ప్రతి ఉదయం ముఖం తేటపడినట్టే ఉంటుంది.

చివరికి వాడపల్లి. నీవు కృష్ణలో కలిసే చోటు. సంగమం మీద మీనాక్షీ సమేత అగస్త్యేశ్వరుడు. ఆ స్వామి శిరసు మీద ఒక గుంట, గుంటలో తరగని తడి. అక్కడి కథ ఇది: ఒక పక్షి బోయవానికి భయపడి లింగం వెనుక దాగింది. దాగినదానికి అభయమివ్వాలి, ఆకలిగొన్న బోయవానికి ఆహారమివ్వాలి. రెండు వ్యాజ్యాలు ఒకే గర్భగుడిలో నిలబడ్డాయి. శివుడు పక్షిని పంపలేదు, బోయవాణ్ణి వెళ్లగొట్టలేదు. నా తల నుండి తీసుకో అన్నాడు. బోయవాని పదివేళ్లు దిగిన ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చి అక్కడే ఉండిపోయింది. గర్భగుడి చీకట్లో, నూనెదీపం వెలుగులో ఆ గుంటను చూస్తూ నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఎగువ ఊరూ, దిగువ ఊరూ, పట్నమూ, పల్లే, పట్టాదారూ, పూరిగుడిసే, ఇందరు ఆకలిగొన్నవారు, ఇందరు శరణార్థులు నీ వెనుక నిలిచి ఉండగా, నా నుండి తీసుకో అన్న శిరసు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నీ పొడవునా నాకెక్కడా కనిపించలేదు.

ఎవరి దానవే తల్లీ, ముచుకుందా, ఎవరి దానవు?

పొద్దు వాలుతోంది. రేవు మెట్లు దిగాను. కృష్ణ వెడల్పుగా, మౌనంగా, నీ కోసం చేతులు చాచి ఉంది. నీవు గట్టు వారగా, పరాయి ఇంటికి వచ్చినదానిలా ఒదిగి ఒదిగి, వేరే రంగు గీతగా కాసేపు పారి, తరువాత కలిసిపోయావు. నల్లనయ్య పాదాల నుండి బయలుదేరినప్పుడు నీవు ఎలా ఉన్నావో ఆయనకు ఒక్కసారి చూపించాలనిపించింది. సంచిలోంచి చెంబు తీసి, గుడ్డ విప్పి, మూత తీశాను. అనంతగిరి నీళ్లు. ఇన్నాళ్లయినా తేటగానే ఉన్నాయి. అడుగున ఒక టేకాకు ముక్క కూడా ఉంది, నింపినప్పుడు చూడనే లేదు. మోకాళ్లలోతులో నిలబడి చెంబు వంచాను. సన్నని ధార, దోసిలి కన్నా తక్కువ. నీవు కలిసిన చోటనే పడి, ఒక్క రెప్పపాటు వెలిగి, పోయింది. టేకాకు ముక్క మాత్రం తేలుతూ కొంత దూరం పోవడం కనిపించింది.

ఒడ్డున పడవ కట్టుకొంటున్న మనిషి నన్ను ఎప్పటి నుండి చూస్తున్నాడో, తలపాగా తీసి చేత పట్టుకొని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలయి సారూ, అస్థికలు?"

కాదని చెప్పబోయాను. గొంతు పెగల్లేదు. ఖాళీ చెంబు గుండెకు పెట్టుకొని నిలబడ్డాను. అతను పడవ తాడు వదిలి, రెండు మెట్లు దిగి, నీళ్లకు నమస్కరించాడు.